తవుడు

ఆ ఏడాది డిసెంబరు ఆఖరి పనిరోజున
ఒసాకాలో చలీ ఎండా రెండూ పదునుగా ఉన్నాయి.
నాకు ఇరవై నాలుగేళ్ళు. కొత్త కోటు. అప్పు మీద కొన్న బూట్లు.
బియ్యం కొట్టు గుమ్మంలో నిలబడి
"ఇంకా పెరుగుతుంది" అన్నాను.
తెత్సురో గారు చేతులు తుడుచుకుని
ముద్రను ఎర్ర సిరాలో అద్ది కాగితం మీద నొక్కారు.
ఓడలు కట్టే కంపెనీ. రెండు వేల షేర్లు.
కాగితానికి కొంచెం తవుడు అంటింది.
నేను దులపలేదు.

సూచీ ఆ రోజు కొండెక్కింది.
సెలవులయ్యి మార్కెట్ తెరిచాక తెలిసింది,
దీపాన్ని కూడా
కొండెక్కిందనే అంటారని.

తర్వాతవి ఏళ్ళు కావు, దిగుడుబావి మెట్లు.
మా బ్రాంచీ రెండుసార్లు పేరు మార్చుకుంది.
ఆ వీధి తప్ప అన్ని వీధులూ తిరిగాను.
తెత్సురో గారు పోయారని మంగలి చెప్పాడు,
కత్తెర ఆపకుండానే.

చుట్టుదారిలో వంతెన, వంతెన కింద నది.
మూడొందల ఏళ్ళ కింద ఆ ఒడ్డునే
ఇంకా నాటని వరిని అమ్ముకున్నారు, కొనుక్కున్నారు.
ఒక కొండ మీద ఒకడు జెండా ఊపితే
అవతలి కొండ మీది వాడు చూసి ఊపేవాడట.
బియ్యం కంటే ముందు
బియ్యం ధర ఊరు చేరేది.
ఇప్పుడా జెండాలు నా జేబులో ఉన్నాయి.
మా దగ్గర లాభం ఎర్రగా ఉంటుంది.

ముప్పై నాలుగేళ్ళకు
అంకె తన పాత అంకెను దాటింది.
ఆఫీసులో చప్పట్లు.
పక్క కుర్చీ కుర్రాడు అప్పటికి పుట్టనేలేదు,
వాడే అందరికంటే గట్టిగా కొట్టాడు.
నేను వెళ్ళి ముఖం కడుక్కున్నాను.

అయినా వెంటనే వెళ్ళలేదు.
యెన్ పలచబడింది, గంజిలా.
వడ్డీ అనే మాటను బ్యాంకు మళ్ళీ కూడబలుక్కుని చదివింది.
రామెన్ గిన్నె వెయ్యి దాటింది.
కృత్రిమ మేధ అని ఎవరైనా తుమ్మితే చాలు
తీగలు పేనే ముసలి కంపెనీ కూడా ఎగిరి కూర్చుంది.
నాకు అరవై నిండాయి. పూలగుత్తి ఇచ్చి పంపేశారు.
మర్నాడు వెళ్ళాను.

గుమ్మం మీద కాగితం: ఇంటికి ఒక్క సంచీ మాత్రమే.
మిత్సుయె గారు పాత ధర చీటీ మీద
కొత్తది అంటిస్తున్నారు.
దాని కింద ఇంకొకటి, దాని కింద ఇంకొకటి,
అంచు పట్టుకుంటే అట్టంత మందం.
"ఇనోకుమా గారు కదూ. జుట్టంతా పోయిందే."

నడుం వంచాను.
దారి పొడుగునా వల్లె వేసుకొచ్చిన మాట అన్నాను:
ఆ షేర్లు, ఇప్పుడు, కొన్న ధరకి పైనే ఉన్నాయండీ.

"అవా? రెండువేల మూడులోనే అమ్మేశాం.
చిల్లర రాలింది."
మూలనున్న పాలిష్ యంత్రాన్ని
ఎద్దు వీపు చరిచినట్టు చరిచారు.
"కొంత అదీ, కొంత అప్పూ. ఇది వచ్చింది.
పిల్లలిద్దరూ దీని రొదలోనే చదువుకున్నారు."

అందరికంటే అడుగున అమ్మారు.
నేను చదివిన ఏ పుస్తకం ప్రకారమైనా తప్పు.
ఇరవై రెండేళ్ళుగా లేని షేర్ల కోసం
రాత్రుళ్ళు లేచి అంకెలు చూసుకున్నాను నేను.

యంత్రం మోగింది.
ముడిబియ్యం పైన పోస్తే కింద తెల్లగా రాలుతోంది.
"ధర తగ్గుతుందంటారా?"
నన్నే అడిగారు, ఆ గుమ్మంలోనే.
తెలియదన్నాను.
ఎంత చిన్న మాట! నోరు తిరగడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఒక్క సంచీ కొన్నాను, కొత్త ధరకే.
తవుడు పొట్లం కట్టి చేతిలో పెట్టారు.
"దీనికి డబ్బుల్లేవు. ముల్లంగి ఊరేసుకోండి."

వంతెన మీద జేబులో ఫోను వణికింది.
ఒక చేతిలో బియ్యం,
ఇంకో చేతిలో
ఇంకా వెచ్చగా తవుడు.